పాక్ నీళ్లు వేరు, తాగే నీళ్లు వేరు: కొండకెళ్లే పిల్లల బ్యాగులో ఏ ఫిల్టర్ పెట్టాలి?



వుజూకి పనికొచ్చే ప్రతి నీరూ తాగడానికి పనికిరాదు. ఈ మాట మన ఇళ్లలో గట్టిగా చెప్పుకోవాల్సిన రోజులు వచ్చాయి. పాతపట్నం చుట్టుపక్కల మన కుర్రాళ్లకు కొండలెక్కే షౌక్ పట్టుకుంది. చలి మొదలైతే చాలు, పర్లాకిమిడి దాటి మహేంద్రగిరి వైపు బయల్దేరుతున్నారు. మాషా అల్లాహ్, మంచిదే. ఫోన్లో తల దూర్చి కూర్చోవడం కంటే వెయ్యి రెట్లు నయం. వాళ్ల బ్యాగులో జానమాజ్ ఉంటుంది, టార్చి ఉంటుంది, ఆన్‌లైన్లో తెప్పించిన నీళ్ల ఫిల్టర్ కూడా ఉంటుంది. అది ఏం ఆపుతుంది, ఏం ఆపదు అని అడిగితే మాత్రం "రివ్యూలు బాగున్నాయి భాయ్" అన్న జవాబే వస్తుంది.

ఆ రివ్యూలు ఎవరు రాశారు, ఏ నీళ్ల గురించి రాశారు అన్నది అసలు సవాల్. మనుషులు పెద్దగా తిరగని అమెరికా అడవుల్లో నడిచేవాడి ఫిక్ర్ వేరు. పైన ఊళ్లు, పశువులు, యాత్రికులు ఉన్న మన కొండ గెడ్డ దగ్గర ఫిక్ర్ వేరు. ఫిల్టర్‌ను రివ్యూ చూసి కాకుండా మన నీళ్లు చూసి కొనాలన్నదే నా రాయ్.

ముందు మస్‌అలా చూద్దాం. మనలో చాలామంది మదర్సాలోనో ఇంట్లోనో నేర్చుకున్నదే. పారే నీళ్లలో నజాసత్ పడినా రంగు, వాసన, రుచి మారనంత వరకు ఆ నీళ్లు పాకే. దాంతో వుజూ అవుతుంది, గుస్ల్ అవుతుంది. ఇందులో షక్ లేదు. చిక్కల్లా మనం ఈ మస్‌అలాను తీసుకెళ్లి గొంతుకు వర్తింపజేయడంతోనే. "పారే నీళ్లు కదా, ఏం కాదు, బిస్మిల్లా అని తాగేయ్" అనే పెద్దలు ప్రతి ఖాందాన్‌లోనూ ఉంటారు. ఫిఖ్‌హ్ చెప్పింది తహారత్ సంగతి. అతిసారం, టైఫాయిడ్, పచ్చకామెర్లు తెచ్చే క్రిములకు రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. ఆ మూడూ మారలేదు కాబట్టి వుజూ సహీ అవుతుంది. కడుపు సంగతికి ఆ మూడూ గవాహీ ఇవ్వలేవు. తవక్కుల్ అనే ముందు ఒంటెను కట్టేయమన్న హదీసు మనందరికీ తెలిసిందే. నీళ్ల విషయంలో ఆ తాడు పేరే ఎహ్‌తియాత్.

ఇక ఫిల్టర్ల లెక్క. ట్రెక్కింగ్ ఫిల్టర్లలో ఎక్కువ భాగం హాలో ఫైబర్ రకం. సన్నటి గొట్టాల కట్ట అది. ఆ గొట్టాల గోడలకు కంటికి కనిపించని రంధ్రాలుంటాయి. సాయర్ స్క్వీజ్‌లో ఆ రంధ్రం సైజు 0.1 మైక్రాన్, లైఫ్‌స్ట్రాలో 0.2 మైక్రాన్. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. జియార్డియా అనే పరాన్నజీవి 8 నుంచి 12 మైక్రాన్లు, క్రిప్టోస్పోరిడియం 4 నుంచి 6 మైక్రాన్లు ఉంటాయి. టైఫాయిడ్, కలరా బ్యాక్టీరియా కూడా ఈ రంధ్రాల కంటే పెద్దవే. ఇవన్నీ ఆగిపోతాయి. హెపటైటిస్ ఏ వైరస్ సైజు మాత్రం సుమారు 0.027 మైక్రాన్. హెపటైటిస్ ఈ కూడా దాదాపు అంతే. దోమతెరలోంచి ఆవగింజ జారినట్టు ఇవి దాటిపోతాయి.

మనుషుల మలం కలిసే అవకాశం ఉన్న నీళ్లలో ఈ వైరస్‌లే పెద్ద ఖత్రా. 1955-56లో ఢిల్లీలో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. నజఫ్‌గఢ్ కాలువ మురుగు యమునలో నీళ్లు తోడే చోటికి ఎదురొచ్చి కలిసింది. సుమారు 29 వేల మందికి పచ్చకామెర్లు వచ్చాయి. అది హెపటైటిస్ ఈ అని చాలా ఏళ్ల తర్వాత తేలింది. ఈ జబ్బు కుర్రాళ్లను కొన్ని వారాలు మంచాన పడేసి వదిలేస్తుంది. కడుపుతో ఉన్న ఆడవాళ్లకు, ముఖ్యంగా చివరి మూడు నెలల్లో, జాన్ మీదికే వస్తుంది. అలా సోకినవాళ్లలో 20 నుంచి 25 శాతం వరకు చనిపోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కొండ దిగిన కుర్రాడు మిగిలిన బాటిల్ నీళ్లు ఇంట్లో పెడితే, అవి భాబీ తాగితే? ఒక్క కుర్రాడి షౌక్‌గా మొదలైన సంగతి అప్పుడు మొత్తం ఖాందాన్‌ది అవుతుంది.

మహేంద్రగిరి ఎత్తు 1,501 మీటర్లు. అక్కడ పాండవుల పేరుతో పిలిచే పాత గుళ్లున్నాయి. శివరాత్రికి ఆంధ్ర నుంచి, ఒడిశా నుంచి వేల మంది వస్తారు. ఎవరినీ తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. వేల మంది ఎక్కే కొండ మీద గెడ్డ నీళ్లు మనిషి తాకనివి అనుకోవద్దని చెప్పడానికే అంటున్నాను. పైన ఊట దగ్గర పట్టిన నీళ్లు, నాలుగు ఊళ్లు దాటొచ్చిన నీళ్లు, పర్లాకిమిడికి పాతపట్నానికి మధ్య పారే మహేంద్రతనయ నీళ్లు ఒకటి కావు. ఎంత పైన పడితే అంత మేలు. అలాగని పూర్తి భరోసా మాత్రం ఎక్కడా లేదు.

మరి ఏం కొనాలి? ముందు డబ్బా మీద రాత చదవండి. వాటర్ ఫిల్టర్, వాటర్ ప్యూరిఫయర్ అనే రెండు మాటలు అంగట్లో కలగాపులగంగా వాడతారు. అమెరికా ప్రమాణం ప్రకారం ప్యూరిఫయర్ అనిపించుకోవాలంటే బ్యాక్టీరియా 99.9999 శాతం, వైరస్ 99.99 శాతం, జియార్డియా లాంటివి 99.9 శాతం తగ్గాలి. వైరస్ అన్న మాటే డబ్బా మీద లేకపోతే అది వైరస్‌ను ఆపదనే అనుకోండి. "99.99 శాతం క్రిములు" అని మాత్రమే రాసి, ఏ క్రిములో చెప్పనిది, రంధ్రం సైజు ఎంతో రాయనిది అసలు కొనకండి.

వైరస్‌ను కూడా ఆపే ప్రెస్ బాటిళ్లు ఉన్నాయి. ఖరీదు ఎక్కువ, బరువు ఎక్కువ, లోపలి కార్ట్రిజ్ మార్చడం మళ్లీ ఖర్చు. అల్ట్రావయొలెట్ పెన్ను వైరస్‌ను చంపుతుంది గానీ దానికి చార్జింగ్ ఉండాలి, నీళ్లు తేటగా ఉండాలి. వానాకాలపు ఎర్ర నీళ్లలో దాని వెలుతురు లోపలికి దూరదు.

మన మధ్యతరగతి జేబుకి నేను చెప్పే తర్కీబ్ రెండు మెట్లది. పిండి వాడే హాలో ఫైబర్ ఫిల్టర్ ఒకటి, క్లోరిన్ బిళ్లలు ఒక అట్ట. ముందు ఫిల్టర్, తర్వాత బిళ్ల. ఈ తర్తీబ్ మార్చొద్దు. క్లోరిన్‌కి లొంగని క్రిప్టోస్పోరిడియంని ఫిల్టర్ పట్టుకుంటుంది. ఫిల్టర్‌కి దొరకని వైరస్‌ను క్లోరిన్ చంపుతుంది. మురికి ముందే పోతుంది కాబట్టి క్లోరిన్ వృథా కాదు. అట్ట మీద రాసినన్ని నీళ్లకే ఒక బిళ్ల వేయాలి, రాసినంత సేపు ఆగాలి. మామూలుగా అది అరగంట. జొహర్ నమాజ్‌కి ఆగినప్పుడు వేస్తే, నమాజ్ అయి, నడుం వాల్చి లేచేసరికి నీళ్లు తయార్.

నీళ్లు బురదగా ఉంటే ముందు గుడ్డతో వడకట్టండి. పాత, ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు దుపట్టాను నాలుగైదు మడతలు వేస్తే చాలు. ఇది నానమ్మల చిట్కా అని తీసిపారేయకండి. బంగ్లాదేశ్ పల్లెల్లో పాత చీర గుడ్డ మడతల్లో వడకట్టిన నీళ్లు తాగినవాళ్లలో కలరా దాదాపు సగానికి తగ్గిందని 2003లో వచ్చిన పరిశోధన చెప్పింది. కలరా క్రిమి నీళ్లలోని సన్నటి పురుగులను అంటిపెట్టుకుని ఉంటుంది. ఆ పురుగులు గుడ్డకి చిక్కుతాయి. గుడ్డ ఒక్కటే చాలదు గానీ ఫిల్టర్ ఉమర్ పెంచుతుంది.

స్ట్రా రకం, అంటే గెడ్డలో పెట్టి నోటితో పీల్చేది, చౌకగా వస్తుందని చాలామంది కొంటున్నారు. మనకది పనికిరాదంటాను. దాంతో ఒక్క నోరే తాగగలదు. అన్నం వండలేరు, అలసిన సాథీకి గ్లాసుడు ఇవ్వలేరు, బిళ్ల వేయడానికి బాటిల్ నింపలేరు. నలుగురికి నీళ్లు పోసేవాడు ఆఖర్న తాగాలన్నది మనకు నేర్పిన అదబ్. పదిమంది జమాఅత్‌గా వెళ్లేటప్పుడు చెట్టుకి వేలాడదీసే సంచీ ఫిల్టర్ ఒక్కటి చాలు. పది స్ట్రాల కంటే ఖర్చు తక్కువ, బరకత్ ఎక్కువ.

ఇంట్లో ఇస్తింజా లోటా, తాగే గ్లాసు ఎంత దూరంగా పెడతామో తెలుసు కదా. కొండ మీదా అంతే. మురికి నీళ్లు పట్టే సంచీ వేరు, మంచి నీళ్ల బాటిల్ వేరు. మురికి సంచీకి ఎర్ర దారం కట్టండి. బాటిల్ మూత గెడ్డలో మునగనీయకండి. వాడాక ఫిల్టర్‌ని వెనక్కి కడిగి, ఆరబెట్టి దాచండి. కశ్మీర్‌కో మనాలీకో వెళ్లే పిల్లలకు ఇంకో మాట. తడి ఫిల్టర్ గడ్డకడితే లోపలి గొట్టాలు పగులుతాయి, పైకి ఏమీ కనిపించదు. రాత్రి దాన్ని దుప్పటిలో మీ పక్కనే పెట్టుకోండి.

ఇవేవీ లేకపోతే చిన్న గ్యాస్ స్టవ్, ఒక డేగ్చీ. నీళ్లు తెర్లడం మొదలయ్యాక ఒక్క నిమిషం మరిగిస్తే చాలు. మూడు నిమిషాలు మరిగించమనేది 2,000 మీటర్లు దాటిన చోట. కడుపుతో ఉన్నవాళ్లు, పసిపిల్లలు వెంట ఉంటే నా సలహా సూటిగా ఒకటే. ఇంటి నుంచి తెచ్చిన నీళ్లో, మరిగించిన నీళ్లో ఇవ్వండి. వాళ్ల మీద ఏ ఫిల్టర్‌నీ ఆజ్మాయించొద్దు.

శ్రీకాకుళం జిల్లావాడిగా ఇంకో సంగతి రాయకపోతే అమానత్‌లో ఖయానత్ అవుతుంది. ఉద్దానం కిడ్నీ జబ్బు మన ఇంటి దుఃఖం. కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస వైపు రిష్తేదార్లు లేని కుటుంబాలు మనలో తక్కువ. ఆ జబ్బుకి అసలు కారణం ఇదీ అని ఇంతవరకు ఖచ్చితంగా తేలలేదు. ఆ భయాన్ని అడ్డం పెట్టుకుని ఎవరైనా ఈ చిన్న ఫిల్టర్లు "కిడ్నీకి మంచివి" అని అమ్మితే నమ్మకండి. నీళ్లలో కరిగిపోయిన ఉప్పు, ఫ్లోరైడ్, పురుగుమందు హాలో ఫైబర్‌లో ఆగవు. డయాలిసిస్ మెషీన్‌లో కూడా ఇలాంటి సన్నటి గొట్టాల కట్టే ఉంటుంది. రక్తంలో కరిగిన మలినాలు ఆ గొట్టాల గోడలు దాటి బయటికి పోవడం వల్లే అది పనిచేస్తుంది. కరిగినవి గోడ దాటడం అక్కడ ఇలాజ్, ఇక్కడ కమీ. పొలాల మధ్య కాలువ నీళ్లను అందుకే ఫిల్టర్ ఉన్నా తాగొద్దు.

ఈ ఖర్చు కుర్రాళ్ల షౌక్ కోసమే అని అబ్బాజాన్‌లు కోప్పడకండి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటు లేకపోతే మోటారు లేదు, ఆర్‌వో ప్లాంటు లేదు, ఇరవై లీటర్ల డబ్బా రాదు. సంచీ ఫిల్టర్, ఒక అట్ట క్లోరిన్ బిళ్లలు అటువంటి రోజున మొహల్లాకే అక్కరకొస్తాయి. నీళ్లు ఇవ్వడం ఎంత పెద్ద సదఖానో మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఆఖరుగా, ఫిల్టర్ కొనిచ్చేటప్పుడు పిల్లలకు ఇదీ చెప్పండి. నిలిచిన నీళ్లలో మూత్రం పోయడాన్ని, నీళ్ల రేవులో, దారిలో, నీడపట్టున మలవిసర్జన చేయడాన్ని మన నబీ సల్లల్లాహు అలైహి వసల్లమ్ మనా చేశారు. గెడ్డకి కనీసం వంద అడుగులు ఎడంగా వెళ్లి, గొయ్యి తీసి, మట్టి కప్పాలి. సబ్బు నీళ్లు గెడ్డలో పోయకూడదు. మహేంద్రతనయ వెళ్లి వంశధారలో కలుస్తుంది. వంశధార నీళ్లనే హిరమండలం రిజర్వాయర్ నుంచి పైపుల్లో ఉద్దానానికి పంపే పథకం 2023 డిసెంబర్‌లో మొదలైంది. కింద తాగేవాళ్లు మనవాళ్లే. పిల్లలు కొండ మీద తమ బాటిల్ సాఫ్‌గా ఉంచుకున్నట్టే ఆ గెడ్డనూ సాఫ్‌గా వదిలి రావాలి. ఈ రెండు జిమ్మేదారీలూ ఒప్పుకున్న కుర్రాడిని ఖుషీగా పంపండి, ఇన్షా అల్లాహ్ ఖైరియత్‌తో తిరిగొస్తాడు.