పర్సంటేజీ తగ్గింది సరే... వైవాలో ఏం చెప్తారు?

రాత్రి పదకొండున్నర. తెల్లారితే ప్రాజెక్ట్ రిపోర్ట్ సబ్మిషన్. క్లాస్ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్: ‘సీనియర్ల రిపోర్ట్ ఎవరి దగ్గరైనా ఉంటే పెట్టండ్రా, ప్లీజ్!’

అయిదు నిమిషాల్లో పీడీఎఫ్ వచ్చేస్తుంది. పేరు, హాల్‌టికెట్ నంబర్ మారిపోతాయి. అక్కడక్కడా నాలుగు పదాలు కూడా. ‘సిమిలారిటీ ఎంతొచ్చింది?’ ‘తొమ్మిది!’ ‘సేఫ్ రా!’

ఈ ‘పది లోపు సేఫ్’ అనే లెక్క 2018లో యూజీసీ తెచ్చిన నిబంధనల్లోది. పీజీ డిసర్టేషన్, పీహెచ్‌డీ థీసిస్‌లాంటి వాటిలో పోలిక 10 శాతం వరకు ఉంటే శిక్ష లేదు. 40 వరకు అయితే ఆరు నెలల్లోపు సరిదిద్ది ఇవ్వాలి. 40 దాటి 60 వరకు ఉంటే ఏడాదిపాటు మళ్లీ ఇచ్చే వీల్లేదు. 60 దాటిందా, రిజిస్ట్రేషనే రద్దు. ఎవరిదో చెప్పి కొటేషన్లలో పెట్టిన వాక్యాలు, రిఫరెన్సుల జాబితా ఈ లెక్కలోకి రావు.

అసలు ట్విస్ట్ ఏంటంటే, అసైన్‌మెంట్లు, ప్రాజెక్ట్ రిపోర్టులు ఈ నిబంధనల కిందికే రావు! మరి బీటెక్ వాళ్లకు భయం లేదా? ఉంది. దాని పేరు వైవా.

సాఫ్ట్‌వేర్ చూసేది పదాల పోలికే. ఆలోచన ఎవరిదో దానికి తెలీదు. పదాలు మార్చి దాన్ని దాటొచ్చు. కానీ ఎదురుగా కూర్చున్న ఎగ్జామినర్ ‘ఈ టేబుల్లో ఈ నంబర్ ఎలా వచ్చింది?’ అని అడిగితే? సొంతంగా చేసినవాళ్లు తడబడుతూనైనా చెప్తారు. కాపీ కొట్టినవాళ్లు పక్కవాడి మొహం చూస్తారు.

ఇంకో వైపూ ఉంది. నిజంగా కష్టపడి రాసినా, ‘ఇది ఏఐ రాసింది కదా?’ అని అనుమానించే రోజులివి. ఏఐ రాతను పట్టే టూల్స్‌ని పూర్తిగా నమ్మలేం. చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్‌ఏఐ సంస్థే, సరిగ్గా పట్టుకోవట్లేదని తన టూల్‌ని 2023లో ఆపేసింది. అందుకే మీ కష్టానికి సాక్ష్యం మీరే దాచుకోండి. గూగుల్ డాక్స్‌లో రాస్తే ఏ రోజు ఎంత రాశారో వెర్షన్ హిస్టరీలో ఉంటుంది. చదివిన ప్రతి లింకునీ అప్పుడే నోట్ చేసుకోండి. చదివింది పక్కన పెట్టేసి, ఫ్రెండ్‌కి చెప్తున్నట్టు మీ మాటల్లో రాయండి. ఆలోచన వేరేవాళ్లదైతే వాళ్ల పేరు చెప్పండి.

లెక్చరర్లకూ ఓ మాట. ఏటా అవే టాపిక్‌లు ఇస్తే, ఏటా అవే రిపోర్టులు వస్తాయి సార్! టాపిక్ మార్చండి. చివర్లో ఒకేసారి కాకుండా, మధ్యలో రెండుసార్లు డ్రాఫ్ట్ అడగండి. అయిదు నిమిషాలు మాట్లాడించండి. సగం కాపీలు అక్కడే ఆగిపోతాయి.

పీడీఎఫ్ అయితే గ్రూపులో దొరుకుతుంది. వైవాలో చెప్పాల్సిన జవాబు ఏ గ్రూపులోనూ దొరకదు.