సెలైన్ సీసా అన్నం కాదు: జబ్బుపడిన చిన్న కుక్కకు నీరు, పోషణ

వాంతులు, విరేచనాలతో నీరసించిన చిన్న కుక్కను పశువైద్యశాలకు తీసుకువచ్చే యజమాని మొట్టమొదట కోరేది సెలైన్. సీసా ఎక్కించి, ఇంజెక్షన్లు చేసి, మందుల చీటీ చేతికిస్తే చికిత్స పూర్తయినట్లు భావించడం పరిపాటి. ఆ చీటీలో మాత్రల పేర్లు, మోతాదులు ఉంటాయి గాని, ఇంటికి వెళ్లిన తరువాత ఎన్ని చెంచాల నీరు పట్టాలో, ఎన్ని గ్రాముల అన్నం పెట్టాలో తరచుగా ఉండదు. వైద్యశాలలో గడిచేది రోజుకు ఒకటి రెండు గంటలు. మిగిలిన 22 గంటలు కుక్క ఇంటివారి చేతుల్లోనే ఉంటుంది. ఆ సమయంలో నీటిని, ఆహారాన్ని ఎలా అందించాలో కొలతలతో సహా నేర్పడం పశువైద్య విస్తరణలో భాగం కావాలి.

చిన్న కుక్కల విషయంలో ఈ అవసరం ఎక్కువ. 3 కిలోల పొమేరియన్ తన బరువులో 8 శాతం నీటిని కోల్పోయిందంటే, పోయినది 240 మిల్లీలీటర్లు, అంటే సుమారు ఒక గ్లాసు నీరు. అంతే నీరు 30 కిలోల లాబ్రడార్ శరీరం నుంచి పోతే అది దాని బరువులో ఒక శాతానికి లోపే. పెద్ద కుక్క తట్టుకోగల నష్టం చిన్నదాని ప్రాణం మీదికి తెస్తుంది. పైగా చిన్న జాతుల పిల్లల కాలేయంలో గ్లైకోజన్ నిల్వలు స్వల్పం. కొన్ని గంటలు ఆహారం లేకపోయినా రక్తంలో చక్కెర పడిపోయి వణుకు, తూలుడు, మూర్ఛ కలుగవచ్చు.

సెలైన్ ఎక్కించారు గనుక తిండి లేకపోయినా ఫరవాలేదన్న నమ్మకం యజమానులలో బలంగా ఉంది. చిన్న లెక్క ఒకటి చాలు, అది పొరపాటని తేలడానికి. విశ్రాంతిలో ఉన్న కుక్కకు కావలసిన శక్తిని, దాని బరువును 0.75 ఘాతానికి హెచ్చించి 70తో గుణించి అంచనా వేస్తారు. ఆ ప్రకారం 3 కిలోల కుక్కకు రోజుకు సుమారు 160 కిలో కేలరీలు అవసరం. సాధారణ సెలైన్‌లో శక్తి ఏమీ లేదు. 5 శాతం డెక్స్‌ట్రోజ్ లీటరుకు దాదాపు 170 కిలో కేలరీలు మాత్రమే ఇస్తుంది. ఆ కుక్క రోజువారీ నీటి అవసరం, కిలోకు 60 మిల్లీలీటర్ల చొప్పున, 180 మిల్లీలీటర్లు. అంత డెక్స్‌ట్రోజ్ ఎక్కించినా దక్కేది సుమారు 30 కిలో కేలరీలు, అంటే అవసరంలో ఐదవ వంతు కన్నా తక్కువ. సీసా నీటి లోటును తీర్చగలదు గాని ఆకలిని తీర్చలేదు.

‘లంఖణం పరమౌషధం’ అన్న నానుడి కూడా ఈ నిర్లక్ష్యానికి తోడవుతున్నది. వాంతులు, విరేచనాలు ఉన్న కుక్కకు ఒకటి రెండు రోజులు ఏమీ పెట్టరాదన్నది ఒకప్పుడు వైద్యులు సైతం పాటించిన పద్ధతి. పార్వో వ్యాధి సోకిన కుక్క పిల్లలపై 2003లో ప్రచురితమైన ఒక అధ్యయనం ఈ పద్ధతిని ప్రశ్నించింది. చేర్చుకున్న 12 గంటల నుంచే ముక్కు గొట్టం ద్వారా ఆహారం అందించిన పిల్లలు, వాంతులు ఆగే వరకు పస్తు ఉంచిన పిల్లల కన్నా త్వరగా కోలుకొని, బరువు పెరిగాయి. పేగు లోపలి పొరలోని కణాలు తమ పోషణలో గణనీయమైన భాగాన్ని పేగులో ప్రవహించే ఆహారం నుంచే తీసుకుంటాయి. పస్తు ఉంచితే వ్యాధి దెబ్బతీసిన పొర మరింత పలచబడుతుంది.

విస్తరణ సిబ్బంది నేర్పవలసిన మొదటి పాఠం నీటిది. చిగుళ్లు తడిగా ఉన్నాయా, జిగటగా ఉన్నాయా. భుజాల మీది చర్మాన్ని పైకి లాగి వదిలితే వెంటనే సర్దుకుంటున్నదా. మూత్రం పోస్తున్నదా అన్నవి ఇంటివారు గమనించగలిగిన గుర్తులు. బక్కచిక్కిన ముసలి కుక్కలోను, బాగా కొవ్వు పట్టిన కుక్కలోను చర్మ పరీక్ష మోసం చేయవచ్చు గనుక రోజూ బరువు తూచడం మేలు. ఒక్క రోజులో 100 గ్రాముల బరువు తగ్గిందంటే, అందులో అధిక భాగం పోయిన నీరే.

వాంతి ఆగి గంటా రెండు గంటలైన కుక్కకు 20 నిమిషాలకొకసారి ఒక టీ చెంచా, అంటే 5 మిల్లీలీటర్లు, పడితే 12 గంటల్లో 180 మిల్లీలీటర్లు చేరుతుంది. విరేచనాలలో పోయేది దీనికి అదనం. ఒకేసారి గిన్నెడు నీరు తాగనిస్తే పొట్ట ఉబ్బి మళ్లీ వాంతి కావచ్చు. సిరంజితో పట్టేటప్పుడు తల పైకెత్తకుండా, బుగ్గ పక్క నుంచి కొద్దికొద్దిగా వదలాలి. బలవంతంగా పోస్తే నీరు ఊపిరితిత్తులలోకి పోయి న్యుమోనియా వచ్చే ప్రమాదం ఉంది. గుండె, మూత్రపిండాల జబ్బులున్న కుక్కలకు ఎంత నీరు, ఏ ద్రావణం అన్నది వైద్యుడే నిర్ణయించాలి.

కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. కాబట్టి అవి ఓఆర్‌ఎస్‌కు ప్రత్యామ్నాయం కావు. ఓఆర్‌ఎస్ చరిత్ర విస్తరణ శాస్త్రవేత్తలకు మంచి పాఠం. 1971లో బనగాఁవ్ శరణార్థి శిబిరంలో కలరా ప్రబలి సెలైన్ నిల్వలు తరిగిపోయినప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనబిస్ బృందం చక్కెర, ఉప్పు కలిపిన ద్రావణాన్ని రోగుల బంధువుల చేతనే తాగించి ఎన్నో ప్రాణాలు కాపాడింది. కొలత తెలిసిన ఇంటి మనిషి ఎంత ఉపయోగపడగలడో అక్కడ రుజువైంది.

రెండవ పాఠం ఆహారానిది. మెత్తగా వండిన అన్నం 60 గ్రాములు, ఎముకలు, చర్మం తీసి ఉడికించిన కోడిమాంసం 50 గ్రాములు కలిపితే సుమారు 160 కిలో కేలరీలు వస్తాయి. మూడు రోజులకు పైగా తినని కుక్కకు తొలిరోజు ఇందులో మూడవ వంతు మాత్రమే, ఐదారు విడతలుగా, గోరువెచ్చగా పెట్టి, మూడు నాలుగు రోజుల్లో పూర్తి పరిమాణానికి చేర్చాలి. వార్చిన గంజిలో నీరే అధికం. దానినే భోజనంగా లెక్కించరాదు. పాలలోని లాక్టోజ్ విరేచనాలను పెంచవచ్చు. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కుక్కలకు విషతుల్యం. అన్నం, కోడిమాంసం కోలుకునే కొద్ది రోజులకే తగినవి, ఎల్లకాలం పెట్టదగిన సమతులాహారం కావు.

ఇంటి సంరక్షణ హద్దులు కూడా ఈ పాఠాలలో స్పష్టంగా ఉండాలి. తాగిన నీరంతా వాంతి అవుతున్నా, విరేచనంలో రక్తం పడుతున్నా, చిగుళ్లు పాలిపోయినా, కాళ్లు చల్లబడినా, కుక్క లేవలేకపోయినా చెంచాలతో కాలయాపన చేయరాదు. ఆ స్థితిలో నోటి ద్వారా ఇచ్చేది సరిపోదు. చర్మం కింద ఎక్కించే ద్రవమూ సరిగా ఒంటికి పట్టదు. సిరలోకే ఎక్కించాలి. మనుషులు వాడే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మాత్రలు ఎట్టి పరిస్థితిలోను ఇవ్వకూడదు. నీరు మింగలేక చొంగ కార్చుతూ, ప్రవర్తన మారిన కుక్క నోట్లో చేయి పెట్టడం ప్రాణాపాయం, అది రేబిస్ కావచ్చు. ఈ హెచ్చరిక లేని సలహా ఎంత మంచిదైనా అసంపూర్ణమే.

పాడి పశువులు, గొర్రెలు, కోళ్లే విస్తరణకు ముఖ్యమని, పెంపుడు కుక్క విలాసమని కొందరు వాదించవచ్చు. జీవనోపాధి దృష్ట్యా ఆ ప్రాధాన్యం న్యాయమైనదే. కాని ఇక్కడ అడుగుతున్నది కొత్త విభాగం కాదు. పారుడు పట్టిన దూడకు లవణ ద్రావణం పట్టడం విస్తరణ సిబ్బంది ఏళ్లుగా నేర్పుతున్న విషయమే. అదే సూత్రాన్ని చెంచాలలోకి, గ్రాములలోకి మార్చడమే కావలసినది.

అందుకు మూడు పనులు చాలు. మందుల చీటీతో పాటు కుక్క బరువు, పట్టవలసిన నీరు చెంచాలలో, పెట్టవలసిన ఆహారం గ్రాములలో, ప్రమాద సూచనలు తెలుగులో రాసిన కార్డు ఒకటి ఇవ్వాలి. పశువైద్య కళాశాలల ఇంటర్న్‌షిప్ విద్యార్థులు మరునాడు ఫోన్ చేసి కుక్క తాగినది, తిన్నది, తూగినది నమోదు చేయాలి. పశుసంవర్ధక సహాయకుల శిక్షణలో ఈ అంశానికి ఒక పూట కేటాయించాలి. ఆ నమోదులు కూడితే మన ఇళ్లలోని ఏ ఆహారాన్ని జబ్బు కుక్కలు ఇష్టంగా తింటున్నాయో, ఎంత త్వరగా కోలుకుంటున్నాయో చెప్పగల పరిశోధనా సామగ్రి సమకూరుతుంది. వీటికయ్యే ఖర్చు కాగితం, ఫోన్, కొంత శ్రద్ధ. ఆ మాత్రం శ్రద్ధ లేనందున, సరైన మందు పడిన కుక్క సైతం ఇంటి దగ్గర దాహంతోను, పస్తుతోను చనిపోయే పరిస్థితి కొనసాగరాదు.