మతిమరుపు వచ్చినా చేతికి పని ఉండాలి

అత్తగారో, అమ్మో పప్పులో రెండుసార్లు ఉప్పు వేస్తే "ఇక మీరు వంటింట్లోకి రాకండి" అని కూర్చోబెట్టేస్తాం కదూ! పనిలేక కూర్చుంటే వచ్చిన పనులు కూడా మరుగున పడిపోతాయి.

ముందుగా డాక్టరుకు చూపించండి. థైరాయిడ్, బి12 లోపాల వల్ల, మనసు కుంగిపోవడం వల్ల వచ్చే మతిమరుపుకు మందులున్నాయి. అల్జీమర్స్ అని తేలితే మాత్రం పూర్తిగా నయం చేసే మందు లేదు. అయితే, రోజువారీ పనులు నిలుపుకునేలా ఆక్యుపేషనల్ థెరపిస్టులు శిక్షణ ఇస్తారు. ఇంట్లో మీరూ సాయపడవచ్చు.

ఉదాహరణకు, "కళ్ళజోడు దేవుడి గూటి పక్కన ఎర్రడబ్బాలో ఉంది" అని చెప్పి, వారిచేత అనిపించండి. అర నిమిషమాగి "ఎక్కడుంది?" అని అడగండి. చెప్పగలిగితే ఒకటి, రెండు, నాలుగు నిమిషాలకు వ్యవధి పెంచుతూ పోండి. తడబడితే కసురుకోకుండా జవాబు వెంటనే మీరే చెప్పి, వెనకటి వ్యవధికి రండి. ఊహించి చెప్పమనకండి. తప్పు జవాబే మనసులో నాటుకుపోవచ్చు.

డబ్బాల మీద పెద్దక్షరాలతో పేర్లు అంటించండి. స్టవ్ దగ్గర మాత్రం ఒంటరిగా వదలకండి. చిక్కుడుకాయల ఈనెలు తీయడం, పూలు కట్టడం వారికే అప్పజెప్పండి. ఏళ్ళతరబడి చేసిన పనిని చేతులు అంత తొందరగా మరిచిపోవు.

భారమంతా మీరొక్కరే మోయకండి. రోజుకో గంట మీవారికో, పిల్లలకో అప్పగించండి. జబ్బు పోకపోవచ్చు. కానీ తన కళ్ళజోడు తానే తెచ్చుకున్న రోజున ఆవిడ ముఖం చూడండి, మీకే తెలుస్తుంది!