పేట కబుర్లు: విలన్ ఓడాలి... కానీ ఊరికే కాదు!

'పాతాళ భైరవి' (1951)లో ఎస్.వి. రంగారావుగారి నేపాళ మాంత్రికుడు అంత ఘటికుడు కాకపోతే, తోటరాముడు గెలిచినప్పుడు ఈలలు పడేవా? విలన్ బలమే హీరో బలం! మన దర్శకులకు ఏనాడో తెలిసిన ఈ రహస్యం నాకు మాత్రం పదిహేనేళ్ళ మేనల్లుడి చేత చివాట్లు తిన్నాకగానీ తలకెక్కలేదు.

వాడు మా చిలకలూరిపేటలోనే ఉంటాడు, మా అక్క కొడుకు. పదో తరగతి లెక్కల్లో తప్పాడు. అప్పట్నించీ ఎవరితోనూ మాట్లాడడు. పొద్దస్తమానం కంప్యూటర్లో కారు రేసు! ఆ గేము పేరు 'అసెట్టో కోర్సా'. 2014లో ఇటలీ వాళ్ళు విడుదల చేశారు. టైరు పట్టు, బ్రేకు, బరువు... అన్నీ నిజం కారులాగే ఉంటాయి. అందులో కంప్యూటర్ నడిపే కార్లు కూడా మావాణ్ణి రోజూ ఆఖరికి నెట్టేస్తున్నాయి. ఇంట్లోనూ ఓటమే, ఆటలోనూ ఓటమే! చూడలేక, వాడు అన్నానికి లేచిన సమయంలో గుట్టుగా ఓ పని చేశాను.

ప్రత్యర్థుల బలం నిర్ణయించే మీట ఒకటి ఉంటుందందులో. 70 నుంచి 100 దాకా జరపొచ్చు. తగ్గించేకొద్దీ వాళ్ళు ముందుగానే బ్రేకు తొక్కుతారు, మలుపుల్లో నెమ్మదిస్తారు. 95 మీద ఉన్నదాన్ని 75కి లాగేశాను.

ఇంకేముంది! సాయంత్రానికి మావాడు ఫస్టు. మర్నాడు మూడుసార్లు ఫస్టు. మూడోనాడు నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"మావయ్యా, నా ల్యాపు టైము ఏం మారలేదు. మరెలా గెలిచాను? నువ్వే తగ్గించావు కదూ?"

నేను నీళ్ళు నమిలాను.

"అయితే లెక్కల్లో కూడా నువ్వే మార్కులు కలిపించు పోనీ!"

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది.

అన్నట్టు, ఈ చిక్కును మన రైతులు ఎప్పుడో విప్పారు. ఒంగోలు గిత్తల బండలాగుడు పందేలు చూశారుగా? పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అంటూ పళ్ళు చూసి విభాగాలు చేస్తారు. విభాగాన్నిబట్టి బండ బరువు. పాలపళ్ళ గిత్తలకి సీనియర్ల బండ కట్టరు. అలాగని అట్టముక్క కట్టి బహుమతీ ఇవ్వరు!

కొన్ని గేముల్లో ఇంకో మాయ ఉంది. మీరు వెనకబడితే ముందు కార్లు నెమ్మదిస్తాయి, ముందుకు పోతే వెనక కార్లకి రెక్కలొస్తాయి. 1992 నాటి 'సూపర్ మారియో కార్ట్' నుంచీ ఉన్నదే. అచ్చం మన సినిమా ఛేజింగ్ సీను! ఇక సోనీ వాళ్ళ 'సోఫీ' అనే కంప్యూటర్ డ్రైవరుంది. 2021 జులైలో మేటి ఆటగాళ్ళతో జట్టు పందెంలో ఓడి, అక్టోబరులో గెలిచింది. దానికి వేగం ఒక్కటే నేర్పలేదు. గుద్దితే మార్కులు కోసి మర్యాద కూడా నేర్పారు.

సరే, మా సంగతి. ఇద్దరం కాగితం, పెన్సిలు పట్టుకు కూర్చున్నాం. అదే కారు, అదే ట్రాకు. ముందు వాడొక్కడే పది ల్యాపులు తిరిగాడు. సగటు వేశాం... లెక్క వాడే చేశాడు! తర్వాత మీటను ఒక్కొక్క అంకే జరుపుతూ కంప్యూటర్ కార్ల టైములు రాశాం. వాడికన్నా అరసెకను వేగంగా తిరిగేవి 84 దగ్గర దొరికాయి. అక్కడ ఆపాం.

పన్నెండు కార్లలో ఐదోవాడిగా వచ్చాడు. ఫస్టు వచ్చినప్పుడు లేని వెలుగు ఆ మొహంలో చూశాను! వారం తిరక్కుండా మీటను 86కి జరుపుకున్నాడు, ఎవరూ చెప్పకుండానే.

మొన్న లెక్కల పుస్తకం తీశాడు. మొదట తేలిక లెక్కలు, ఆపైన కాస్త కష్టమైనవి. నేను పక్కనే కూర్చున్నాను... చేతులు కట్టుకుని!