భయానక చలనచిత్రములు

భరతముని నాట్యశాస్త్రమున జెప్పిన యెనిమిది రసములలో భయానక మొకటి. దాని వర్ణము నలుపు, అధిదేవత కాలుడు. కావున జనులను భయపెట్టి యానందింపజేయు విద్య సినిమాతో బుట్టినది కాదు. మన రామచంద్రపురమునకు చేరువనున్న ద్రాక్షారామము దక్షుడు యజ్ఞము చేసిన చోటని ప్రతీతి. ఆ యజ్ఞమును ధ్వంసము చేసిన వీరభద్రుని కథను గుండె దడదడలాడ వినని బాలుడు మన ప్రాంతమున నుండడు. కాకినాడ యొద్దనున్న మాధవపట్నపు తోలుబొమ్మలవారు తెల్లని తెర వెనుక దీపము వెలిగించి రాక్షసులను ఆడించిరి. ఆ తెరయే పిదప వెండితెర యైనది.

భయానక చిత్రములను గూర్చి రెండభిప్రాయములు తరచుగా వినబడుచున్నవి. పిల్లల మనస్సులు చెడునుగాన వానిని బొత్తిగా చూపరాదని పెద్దలందురు. అది వట్టి వినోదమే, నష్టమేమున్నదని మిత్రులందురు. అట్టి చిత్రములను విడువక చూచు నాకు ఈ రెండును సరియని తోచలేదు. తెరమీద దయ్యము కనబడుటలో దోషము లేదు. ఆ చిత్రము మనలను దేనికి భయపడుమని నేర్పుచున్నదో చూచి దాని గుణదోషములను నిర్ణయింపవలెను.

1942లో జెమినీవారు నిర్మించిన బాలనాగమ్మను చూడుడు. దర్శకుడు చిత్తజల్లు పుల్లయ్యగారు. అందు మాయల మరాఠీ వేషము ధరించిన గోవిందరాజుల సుబ్బారావుగారు చూపరులను గడగడలాడించిరి. కాని ఆ మాయావి ప్రాణము ఒక చిలుకలో నున్నది. దానిని సాధించి తెచ్చినవాడు ఒక బాలుడు! 1951లో వచ్చిన పాతాళభైరవిలో ఎస్. వి. రంగారావుగారి నేపాళ మాంత్రికుడు ఎంత క్రూరుడైనను, తోటమాలి కొడుకైన రాముని ధైర్యమునకు లొంగిపోయెను. పాలకొల్లు వాస్తవ్యులైన కోడి రామకృష్ణగారు 2009లో తీసిన అరుంధతిలో, పశుపతిని గూల్చుటకై జేజమ్మ తన యెముకలనే ఆయుధముగా నిచ్చినది. ఈ కథలన్నియు భయమును చూపి, దానికి విరుగుడునుగూడ చూపినవి. అట్టి భయము పిల్లలను పిరికివారిని చేయదు.

మరియొక విధమైన భయము కలదు. రాంగోపాల్ వర్మగారి రాత్రి 1992లో వచ్చినది. నిర్జనమైన చోట రేవతిని వెంబడించు కెమెరాయే చాలు, వెన్నులో చలి పుట్టుటకు. నేనొక పర్యాయము ఇట్టి బొమ్మ రెండవ ఆట చూచి కాలువగట్టున సైకిలుపై వచ్చుచుండగా, తాటిమట్ట గాలికి గలగలలాడినది. ప్రాణము గొంతులోనికి వచ్చినది. ఇల్లు చేరి దీపము వేసిన వెంటనే నాకే నవ్వు వచ్చినది. హాలులో నూర్గురతో కూడి కేక వేసినచో మరుక్షణమున నూర్గురును నవ్వుదురు. నేడు పిల్లలు దుప్పటి ముసుగు వేసికొని సెల్‌ఫోనులో ఒంటరిగా చూచుచున్నారు. వారి భయమును పంచుకొనువారు లేరు. పెద్దలు నిషేధించుటకు బదులు ప్రక్కన గూర్చుండుట మేలు.

ఇక నిజముగా దోషమైన దేది? చేతబడి సత్యమని నమ్మించుట. దయ్యమువలన చచ్చినవారెవరో నే నెరుగను. చేతబడి చేసితివని తోటివారి చేత చంపబడిన నిరుపేదలను గూర్చిన వార్తలు మాత్రము తెలంగాణమునుండియు, ఆంధ్రమునుండియు వచ్చినవి. 2023లో వచ్చిన విరూపాక్ష చిత్రారంభమున, క్షుద్రపూజల అనుమానముతో గ్రామస్థులు దంపతుల నిరువురను సజీవదహనము చేయుదురు. ఆ దృశ్యమును మించిన భయానకము ఆ చిత్రమున వేరొకటి లేదు. ఏలన, అది జరుగునట్టిది. కాని తరువాతి కథయంతయు మంత్రప్రయోగము నిజమే యన్నట్లు నడచినది. మంటపెట్టిన చేతులను ప్రేక్షకుడు మరచి, మంత్రమునకే భయపడుచు ఇంటికి పోవును. చిత్రము చక్కగా తీయబడినదని మెచ్చుకొనుచునే నేనీ మాట చెప్పుచున్నాను. క్షుద్రవిద్యల పేర జరుగు దురాచారములను ఆపుటకు మహారాష్ట్రము 2013లో చట్టము చేసినది. చట్టము చేతులను ఆపగలదు. మనస్సును మార్చవలసినది కథయే గదా!

కావున సోదరులారా, భయానక చిత్రములను నిస్సంకోచముగా చూడుడు. కేకలు వేయుడు, తరువాత నవ్వుకొనుడు. కాని హాలునుండి వెలుపలికి వచ్చునపుడు ఒక్క ప్రశ్న వేసికొనుడు: "ఈ బొమ్మ చూచినందున నేను చీకటికి భయపడుచున్నానా, లేక వీధి చివర ఒంటరిగా నున్న ముసలమ్మకు భయపడుచున్నానా?" చీకటి భయము దీపముతో పోవును. రెండవది మనలో నిలిచినచో, ఆ ముసలమ్మ పాలిటి దయ్యములము మనమే యగుదుము.