ఆత్మసాక్షాత్కారం ఒక ప్రక్రియయా?

వేదాంతగ్రంథాలను ఆంగ్లానువాదాల ద్వారా చదివే సాధకులు నేడు ఎందరో. వారిలో చాలామందికి ‘ఆత్మసాక్షాత్కారం’ కంటె ముందుగా ‘సెల్ఫ్ రియలైజేషన్’ అనే పదమే పరిచయమవుతున్నది. అర్థం ఒకటే అయినప్పుడు పదం ఏదైతేనేమి అని అనిపించవచ్చు. కాని ప్రతి పదమూ తన పూర్వచరిత్రను వెంట తెచ్చుకుంటుంది. అది తెలియనప్పుడు సాధకుని దృష్టి లక్ష్యం నుండి తొలగిపోయే ప్రమాదం ఉన్నది.

ఆంగ్లంలో ‘షన్’ అనే ధ్వనితో ముగిసే క్రియానామాలు అనేకం. క్రియేషన్, మెడిటేషన్, లిబరేషన్, రియలైజేషన్ ఆ కోవలోనివే. నిఘంటువులు ఇట్టి పదాలకు తరచుగా రెండర్థాలు చూపుతాయి: ఆ పనిని చేయడం ఒకటి, ఆ పని వలన కలిగిన స్థితి లేక వస్తువు మరొకటి. ‘క్రియేషన్’ అంటే సృష్టించడమూ అవుతుంది, సృష్టమైన జగత్తూ అవుతుంది. వ్యాపారమూ ఫలమూ ఒకే పదంలో ఒదిగిపోవడం లోకవ్యవహారంలో సౌకర్యమే. తత్త్వవిచారంలో మాత్రం అది సంకటం.

‘రియలైజేషన్’ విషయంలో ఈ సంకటం మరింత తీవ్రం. శామ్యూల్ జాన్సన్ 1755లో ప్రకటించిన నిఘంటువు ‘రియలైజ్’ అనే క్రియకు చెప్పిన అర్థాలు రెండు: ఉనికిలోకి తేవడం, ధనాన్ని భూమిగా మార్చుకోవడం. స్పష్టంగా గ్రహించడం అనే అర్థం అందులో లేదు. ఆ అర్థం ముఖ్యంగా అమెరికాలో వ్యాప్తి పొందింది. 19వ శతాబ్దిలో ఇంగ్లండులో కొందరు దానిని అమెరికా వాడుక అని ఆక్షేపించారు కూడా. కనుక యథార్థంగా చేయడం ఆ పదానికి పూర్వార్థం, గ్రహించడం అనంతరం చేరిన అర్థం. లాభాన్ని, ఆస్తి విలువను చేతికి తెచ్చుకోవడం అనే అర్థంలో వర్తకులు నేటికీ ఆ పదాన్నే వాడుతున్నారు.

ఈ సంస్కారం సాధకుని మనస్సులో తెలియకుండానే పని చేస్తుంది. ఆత్మ ఇప్పుడు అసంపూర్ణమనీ, సాధన అనే ప్రక్రియ ముగిసిన పిమ్మట ఏదో ఒకనాడు సిద్ధిస్తుందనీ అతడు భావిస్తాడు. ఇంకా ఎన్నేళ్లు పడుతుంది, ఎంతవరకు వచ్చాము, ఫలానా వారికి పూర్తి అయినదా అనే ప్రశ్నలన్నీ ఈ భావన నుండి పుట్టినవే.

క్రియ నామరూపం ధరించినప్పుడు ఏమవుతుందో భారతీయ శబ్దశాస్త్రం సూక్ష్మంగా పరిశీలించింది. ఆఖ్యాతంలో భావం ప్రధానమనీ, నామంలో సత్త్వం ప్రధానమనీ యాస్కాచార్యులు నిరుక్తంలో నిర్ణయించారు. పూర్వాపరక్రమంతో సాగే పనిని ఆఖ్యాతం చెబుతుంది. అదే పని ఘనీభవించి మూర్తమైనట్లు తోచినప్పుడు నామం చెబుతుంది. కృత్ప్రత్యయంతో చెప్పబడిన భావం ద్రవ్యం వలె ప్రవర్తిస్తుందని మహాభాష్యకారులైన పతంజలి వివరించారు. దీనిని గ్రహించినవాడు, నామం ఉన్నది గనుక చేతికందే వస్తువు కూడా ఉన్నదని భ్రమించడు.

‘సాక్షాత్కారం’ అనే పదంలోనూ ‘కృ’ ధాతువు ఉన్నది కదా అని పూర్వపక్షం రావచ్చు. ఉన్నది. అయితే ‘సాక్షాత్’ అంటే ప్రత్యక్షంగా, కన్నుల ఎదుట అని అర్థం. ఉన్నదానిని ప్రత్యక్షం చేసుకోవడమే ఇక్కడ చెప్పబడినది; లేనిదానిని ఉనికిలోకి తేవడం కాదు.

శంకరభగవత్పాదులు బ్రహ్మసూత్రభాష్యంలోని సమన్వయాధికరణంలో ఈ విషయాన్ని నిస్సందేహంగా తేల్చారు. క్రియాఫలం నాలుగు విధాలు: కుండ వలె పుట్టేది ఉత్పాద్యం, పాలు పెరుగైనట్లు మారేది వికార్యం, గ్రామం వలె చేరదగినది ఆప్యం, తుడిచిన అద్దం వలె శుద్ధి పొందేది సంస్కార్యం. మోక్షం వీటిలో ఏదీ కాదు. పుట్టినదీ మారినదీ అనిత్యం. తన స్వరూపమే అయినదానిని కొత్తగా చేరనక్కరలేదు. నిత్యశుద్ధానికి సంస్కారం అవసరం లేదు. ధ్యానం పురుషతంత్రం గనుక చేయవచ్చు, మానవచ్చు, వేరొక విధంగానూ చేయవచ్చు. జ్ఞానం వస్తుతంత్రం, వస్తువు ఎట్లున్నదో అట్లే కలుగుతుంది.

అట్లయితే సాధన వ్యర్థమా? కాదు. కర్మ, ఉపాసన చిత్తశుద్ధినీ ఏకాగ్రతనూ ఇస్తాయి. శ్రవణ మనన నిదిధ్యాసనలు సంశయ విపర్యయాలను తొలగిస్తాయి. నది దాటిన పదిమంది కథ సుప్రసిద్ధం. లెక్కించేవాడు తనను మరచి పదవవాడు మునిగిపోయాడని దుఃఖించాడు. ‘నీవే పదవవాడవు’ అన్న ఆప్తవాక్యం అతని శోకాన్ని పోగొట్టింది, పదవవానిని పుట్టించలేదు. భక్తిమార్గంలోనూ ఇదే న్యాయం వర్తిస్తుంది. భగవంతుడు భక్తుని సాధన వలన జన్మించేవాడు కాడు. భక్తుని హృదయానికి ప్రత్యక్షమయ్యేవాడు.

ఆంగ్లాన్ని నిషేధించనక్కరలేదు; దాని ద్వారానే శాస్త్రరుచి కలిగినవారు అనేకులున్నారు. అయితే అనువాదకులు ‘సాక్షాత్కారం’ వంటి పదాలను యథాతథంగా ఉంచి వ్యాఖ్యానించడమే ఉచితం. పాఠకుడు కూడా క్రియానామం ఎదురైనప్పుడెల్లా ఒక ప్రశ్న వేసుకోవాలి: ఇది చేయవలసిన పనిని చెబుతున్నదా, కలుగబోయే ఫలాన్ని చెబుతున్నదా, లేక నిత్యసిద్ధమైన వస్తువును చూపుతున్నదా? ఈ వివేకం కలిగినవాడు సాధనను విడువడు; సాధన ముగిసిన తరువాత ఆత్మ లభిస్తుందని ఎదురుచూడడు కూడా.

స్వస్తి.