చిప్పుల ఫ్యాక్టరీ వస్తే మనం గేటు దగ్గరే నిలబడాలా?

పోస్టు పొడుగుంటాది, ఓపిగ్గా చదవండి. ఇంట్లో ఈ సంవత్సరం టెన్త్, ఇంటర్ అయిపోయేవాళ్లు ఉంటే వాళ్లకి చదివి వినిపించండి.

2025 ఆగస్టు 12న కేంద్ర క్యాబినెట్ మన రాష్ట్రానికి ఒక చిప్ ప్యాకేజింగ్ యూనిట్‌కి అనుమతి ఇచ్చింది. ఏసిప్ అనే కంపెనీ కొరియా వాళ్ల ఏపాక్ట్‌తో కలిసి పెట్టేది. సంవత్సరానికి 9.6 కోట్ల చిప్పులు అని చెప్పినారు. ఆ వార్త చదివి మా హాస్టల్లో ఒకడన్నాడు: "మనకేమొస్తాదిలే? సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్, క్యాంటీన్." అందరం నవ్వినాం. కానీ ఆ నవ్వులో సంతోషం లేదు. ఎందుకంటే ఇంతవరకు ఏ ఫ్యాక్టరీ వచ్చినా మనోళ్లకి దొరికినవి చాలావరకు ఆ మూడే.

చిప్ తయారీ అనగానే మనకి ఐఐటీ, పీహెచ్‌డీ, కోట్ల మిషన్లు గుర్తొస్తాయి. అవి నిజమే. కానీ ఆ చిప్ చుట్టూ మంచి చెయ్యి, మంచి కన్ను, ఓపిక ఉన్న మనిషి చేయాల్సిన పనులు కూడా ఉంటాయి. అందులో ఒకదాని గురించి ఈ రోజు రాస్తాను. నేను డిగ్రీలో ఎలక్ట్రానిక్స్ చదువుతున్నా. మా సీనియర్ అన్న ఒకాయన బెంగళూరులో సీఎన్‌సీ షాపులో పని చేస్తాడు. ఆయన చెప్పింది, నేను చదివింది కలిపి రాస్తున్నా.

చిప్ ప్యాక్ అయినాక బయటికి పంపే ముందు ప్రతి ఒక్కదాన్నీ పరీక్షిస్తారు. దాన్ని ఒక సాకెట్‌లో పెట్టి పైనుంచి నొక్కుతారు. చిప్ కింద చిన్న చిన్న సోల్డర్ గుండ్లు ఉంటాయి. ఒక్కో గుండు కింద సాకెట్‌లో ఒక్కో స్ప్రింగ్ పిన్ నిలబడి ఉంటాది, పోగో పిన్ అంటారు. బాల్ పెన్ను వెనక నొక్కితే లోపలికి పోయి మళ్లీ బయటికొస్తుంది కదా, ఇదీ అంతే. సైజు మాత్రం బట్టలు కుట్టే సూది కన్నా సన్నం. ఈ పిన్నులన్నిటినీ నిటారుగా, దేని చోట దాన్ని నిలబెట్టే ప్లాస్టిక్ దిమ్మె ఉంటాది. దాని పేరే హౌసింగ్. అరచేతిలో పట్టేంత దిమ్మె, దాంట్లో వందల రంధ్రాలు, కొన్నిట్లో వేయికి పైన.

రంధ్రానికి రంధ్రానికి మధ్య దూరం 0.5 మిల్లీమీటర్, 0.4, ఇంకా తక్కువ కూడా ఉంటాది. మన వడ్రంగి మేస్త్రీలు నూలు అని కొలుస్తారు కదా, అంగుళంలో 8వ వంతు. 0.4 దూరంతో వేస్తే ఆ ఒక్క నూలులో దాదాపు 8 రంధ్రాలు పడతాయి. ఒక్కోటి 0.3 మిల్లీమీటర్ అటు ఇటు. దాని చోటు తప్పకూడని లెక్క మైక్రాన్లలో ఉంటాది, అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతుల్లో.

రంధ్రం బిగువైతే పిన్ను ఇరుక్కుని పైకి రాదు. వదులైతే పక్కకి వాలి గుండుకి తగలదు. అంచున ప్లాస్టిక్ పొట్టు మిగిలితే అది పిన్ను మొనకి అంటుకుని కరెంటుకి అడ్డం పడుతుంది. అప్పుడు మంచి చిప్‌ని కూడా టెస్టర్ చెడ్డదని పక్కన పడేస్తుంది. ఎమ్మిగనూరులో మగ్గం తెలిసిన వాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. అచ్చులో ఒక్క పన్ను వంగితే చాలు, బట్ట పొడుగునా గీత పడుతూనే ఉంటాది. నేసే మనిషి తప్పు లేకున్నా బట్ట చెడిపోతుంది.

ఒక లెక్క చూడండి. వెయ్యి రంధ్రాలు వేస్తే 999 సరిగ్గా వేసి, ఒక్కటి తప్పే పనివాడు ఉన్నాడనుకుందాం. మన పరీక్షల్లో అయితే అది స్టేట్ ఫస్ట్. కానీ వెయ్యి రంధ్రాల దిమ్మెలు అతను చేస్తే అన్ని రంధ్రాలూ బాగున్న దిమ్మెలు నూటికి 37 మాత్రమే వస్తాయి. మిగతా 63 పనికిరావు. ఈ పనిలో పాస్ మార్కులు అనేది లేదు.

ప్లాస్టిక్ కూడా మామూలుది కాదు. పీక్, టోర్లాన్, వెస్పెల్ అని పేర్లు. చిప్‌లని 125 డిగ్రీల వేడిలో కూడా పరీక్షిస్తారు. ఏమీ కలపని పీక్ 40 మిల్లీమీటర్ల ముక్కని 25 నుంచి 125 డిగ్రీలకి తీసుకుపోతే అది దాదాపు 0.2 మిల్లీమీటర్ సాగుతుంది. రంధ్రాల మధ్య దూరమే 0.4 అయినప్పుడు ఇది సగం. అందుకే సిరామిక్, గాజు కలిపిన రకాలు చూసి ఎంచుకుంటారు. టోర్లాన్, వెస్పెల్ గాలిలో తేమ పీల్చి కొంచెం ఉబ్బుతాయి, అది కూడా లెక్కలోకి తీసుకోవాలి. డ్రిల్ నిమిషానికి పదుల వేల చుట్లు తిరుగుతూ కొంచెం దిగుతుంది, పైకొచ్చి పొట్టు వదులుతుంది, మళ్లీ దిగుతుంది. ఒక్కసారిగా దించితే డ్రిల్ విరుగుతుంది, లేకుంటే ప్లాస్టిక్ వేడెక్కి రంధ్రం చెడిపోతుంది. ఎప్పుడు బిట్ మార్చాలో, మైక్రోస్కోప్ కింద ఏ అంచు అనుమానంగా ఉందో చూసేది మాత్రం మనిషే.

మరి ఇన్ని రంధ్రాలు వేసే బదులు అచ్చు పోసి తీయొచ్చు కదా అని నేను కూడా అడిగినా. ఒక్కో చిప్‌కి రంధ్రాల అమరిక వేరు. ఒక రకానికి కావల్సిన సాకెట్లు తరచుగా కొన్ని పదులే. పదుల సంఖ్య కోసం అచ్చు చేయిస్తే గిట్టదు. అందుకే దిమ్మెని తెచ్చి మిషన్ మీద కోస్తారు.

అసలు సంగతి ఇక్కడే ఉంది. ఈ పనికి వేల ఎకరాలు వద్దు, టీఎంసీల నీళ్లు వద్దు. సరుకు కొరియర్ డబ్బాలో పోతుంది. కావల్సింది ఒక మంచి మిషన్, ఎండాకాలంలో కూడా వేడి మారని గది, ఆగని కరెంటు, కొలిచే పరికరం, నేర్చుకున్న మనిషి. జపాన్‌లో యోకోవో, ఎన్‌ప్లాస్, కొరియా బూసాన్‌లో లీనో లాంటి కంపెనీలు ఈ సాకెట్లు తయారు చేస్తున్నాయి. గుజరాత్ సానంద్‌లో, అస్సాం జాగీరోడ్‌లో, రేపు మన రాష్ట్రంలో చిప్‌లు పరీక్షించే ప్రతి చోటా సాకెట్లు అరుగుతాయి, మారుస్తూనే ఉండాలి.

ఇప్పుడు మన సంగతి. కోసిగి, పెద్దకడుబూరు, ఆదోని పక్క ఊర్లు తిరిగి చూడండి. సుగ్గి వచ్చిందంటే ఇళ్లకి తాళాలు. అమ్మానాయనలు గుంటూరు మిరప చేన్లకి, బెంగళూరు బిల్డింగ్ పనులకి. పిల్లలు వాళ్ల వెంటే, లేకుంటే అవ్వ దగ్గర. నాలాంటోళ్లం హాస్టల్ పుణ్యాన కాలేజీ గడప తొక్కినాం. తొక్కినాక అందరం ఒకటే దారి: కానిస్టేబుల్, గ్రూప్స్, డీఎస్సీ. ఆ దారి తప్పని నేను అనను, రాజ్యాంగం ఇచ్చిన హక్కు అది. కానీ ఒక్క నోటిఫికేషన్ కోసం నాలుగేళ్లు కూర్చుని, వయసు దాటి, మళ్లీ సుగ్గికే పోయిన అన్నలు ప్రతి తండాలో ఉన్నారు.

ఐటీఐ అంటే మనకే చిన్నచూపు. "చదువుకుని మళ్లీ నూనె చేతులా?" అంటారు పెద్దోళ్లు. వాళ్ల బాధ నాకు తెలుసు. చేతి పని అంటే వాళ్లు చూసింది కూలి, అవమానం. కానీ మైక్రాన్లలో పని చేసే చెయ్యిని ఎవడూ కూలి చెయ్యి అనడు. ఆడపిల్లలకి టర్నర్, మెషినిస్ట్ ట్రేడ్ ఎందుకని అడుగుతారు. ఈ పనిలో బరువు ఎత్తేది లేదు, చూపు నిలపడమే ఉంది. లంబాడీ బట్ట మీద అద్దాలు కుట్టే మన అమ్మల వేళ్లకి ఓపిక ఎవరు నేర్పాలి?

చెయ్యి ఉంటే చాలదు, నేర్పే చోటు ఉండాలి. మా మేనమామ కొడుకు చదివిన ఐటీఐలో, పేరెందుకులే, రెండేళ్లలో సీఎన్‌సీ మిషన్ మీద చెయ్యి పెట్టింది లేదు. దాని మీద కప్పిన పట్టా తీయలేదు. సర్టిఫికెట్ మాత్రం వచ్చింది. ఇట్లాంటి సర్టిఫికెట్‌తో పోతే కంపెనీ మనల్ని గేటు దగ్గర పెట్టక ఎక్కడ పెడుతుంది?

అందుకే మనం అడగాల్సినవి నాలుగు రాస్తున్నా.

ఒకటి. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంత ఐటీఐల్లో నడిచే సీఎన్‌సీ మిషన్లు, కొలిచే పరికరాలు, వాటిని నడిపే సార్లు ఉండాలి. మనది ఏజెన్సీ కాదు, శ్రీశైలం ఐటీడీఏ చెంచుల కోసం. మైదానం తండాలకి జిల్లా గిరిజన సంక్షేమ శాఖే దిక్కు, కాబట్టి అక్కడే అడగాలి.

రెండు. హైదరాబాద్ బాలానగర్‌లో 1968 నుంచి కేంద్ర ప్రభుత్వ టూల్ డిజైన్ సంస్థ, సీఐటీడీ ఉంది. టెన్త్ తర్వాత ఎంట్రన్స్ రాసి నాలుగేళ్ల టూల్, డై డిప్లొమా చేయొచ్చు. మన హాస్టళ్లలో ఎంతమందికి ఈ పేరు తెలుసు? ఈఏపీసెట్‌కి కోచింగ్ ఇచ్చినట్టే దీనికీ ఇవ్వాలి.

మూడు. మన జిల్లా ఓర్వకల్లుని 2024 ఆగస్టులో కేంద్రం పారిశ్రామిక నోడ్‌గా ఆమోదించింది. అక్కడ భూముల ధరల గురించే మాట్లాడుతున్నారు. ఒక ఉమ్మడి టూల్ రూమ్, దాని పక్కన ఎస్టీ పిల్లలకి హాస్టల్ కావాలని మనం మాట్లాడాలి.

నాలుగు. 1938లో మాచాని సోమప్ప గారు ఎమ్మిగనూరులో చేనేత సంఘం పెట్టినారు. మగ్గం ఎవరింట్లో వాళ్లది, నూలు కొనేది, బట్ట అమ్మేది సంఘం. అదే పద్ధతి ఇక్కడ ఎందుకు పనికిరాదు? ఖరీదైన కొలత మిషన్, చల్లటి గది ఉమ్మడిగా ఉంటే నలుగురైదుగురు కలిసి చిన్న యూనిట్ నడపొచ్చు. కేంద్ర శాఖలు, కేంద్ర ప్రభుత్వ సంస్థలు కొనేదాంట్లో 4 శాతం ఎస్సీ, ఎస్టీల చిన్న పరిశ్రమల నుంచి కొనాలని నియమం ఉంది. అమ్మడానికి మన యూనిట్లు లేకుంటే ఆ నియమం కాగితం మీదే ఉంటాది.

"నేర్చుకుంటే ఉద్యోగం గ్యారంటీనా?" అని అడుగుతారు. లేదు. రెండు నెలల కోర్సుతో రాదు, చెయ్యి కుదరడానికి ఏళ్లు పడుతుంది. సాకెట్ ఆర్డర్ మొదటి రోజే రాదు. కానీ ఆ పని వచ్చిన మనిషి కనెక్టర్లు చేయగలడు, ప్లాస్టిక్ అచ్చులు చేయగలడు, డ్రోన్ భాగాలు చేయగలడు. ఒక నోటిఫికేషన్ మీద ఆధారపడని చదువు అది.

మీ మండలంలో ఐటీఐ ఉంటే ఈ వారం ఒకసారి పోయి చూడండి. సీఎన్‌సీ ఉందా, తిరుగుతోందా, ఎస్టీ పిల్లలు ఎంతమంది, అందులో ఆడపిల్లలు ఎంతమంది? ఈ నాలుగు రాసి ఇక్కడ పెట్టండి. అన్నీ కలిపి అర్జీ నేను రాస్తాను, సంతకాలు అందరం పెడదాం.